కాగితం ఒకటే, చదివిన గొంతు మారితే సభ ఎందుకు మారింది?

వేదిక_వెనక

అందరికీ నమస్కారం. సభలు ఏర్పాటు చేసే పని నాది. మాట్లాడేవాళ్ళ కంటే వినేవాళ్ళ మొహాలే ఎక్కువగా చూస్తుంటాను. ఈమధ్య ఒక సర్వసభ్య సమావేశం రెండు విడతలుగా జరిగింది. ఒకే ప్రకటనని పొద్దున ఒకాయన, మధ్యాహ్నం ఒకావిడ చదివారు. అక్షరం కూడా మార్చలేదు. పొద్దున సగంలోనే గుసగుసలు మొదలై, చివరికి కొందరు లేచి "ఎందుకు ఆపేస్తున్నారు?" అని గట్టిగా నిలదీశారు. కాగితంలో ఉన్నదేమో "ఈ సదుపాయాన్ని ఆపడం లేదు" అని. మధ్యాహ్నం అదే వాక్యానికి చప్పట్లు పడ్డాయి.

మొదటాయనది చిన్న గొంతేం కాదు. మైకూ అదే, హాలూ అదే. తేడా ఎక్కడ వచ్చింది? గొంతు వాడే తీరు సభని ఇంతగా మారుస్తుందా? దీని గురించి తెలిసినవాళ్ళు వివరంగా రాయండి, నాకు నిజంగా పనికొస్తుంది.

మూడోవరుస

గొంతే సగం సభ అండీ. మాటల ప్రభావం 7 శాతం, స్వరానిది 38, ముఖకవళికలది 55 అని శిక్షణ తరగతుల్లో బోర్డు మీద రాసి మరీ చెబుతారు కదా. ఆయన ముభావంగా చదివి ఉంటారు, జనం దాన్నే పట్టుకుని ఉంటారు.

నిదానం

మూడోవరుస గారూ, ఆ అంకెలు చాలామంది వక్తలకి చేటు చేశాయి. అందుకే వాటి సంగతి ముందు తేల్చేద్దాం. ఆల్బర్ట్ మెహ్రాబియన్ 1967లో ప్రచురించిన రెండు ప్రయోగాల ఫలితాలని కలిపితే వచ్చిన లెక్క అది. విడివిడి మాటలని రకరకాల స్వరాల్లో రికార్డు చేసి వినిపించారు. రెండోదాంట్లో స్వరంతో పాటు ముఖాల ఫోటోలు కూడా చూపించారు. మాట్లాడే మనిషికి ఎదుటివాళ్ళ మీద ఇష్టం ఉందా లేదా అన్నదే వాళ్ళు అడిగింది. మాట ఒకటీ స్వరం ఇంకొకటీ చెబుతుంటే, భావం విషయంలో మనం దేన్ని నమ్ముతాం అన్నంత వరకే ఆ ప్రయోగం. ఉపన్యాసంలో విషయానికి 7 శాతమే విలువని అది చెప్పలేదు. తన లెక్కని అలా వాడొద్దని మెహ్రాబియనే చెప్పారు.

ఇక వేదిక_వెనక గారి సభ సంగతి. నా అంచనా ప్రకారం అక్కడ స్వరం మాటని ఓడించలేదు. మాట సభలోకి చేరనే లేదు.

మన వాక్యం ఎలా కట్టుకుంటామో చూడండి. ఎవరు, ఏది, ఎప్పుడు, ఎందుకు అన్నీ ముందొస్తాయి. క్రియ చివరికి వస్తుంది. చేస్తామా చేయమా, జరిగిందా లేదా, అడుగుతున్నామా చెబుతున్నామా అన్నది ఆఖరి రెండు మూడు అక్షరాల దాకా తేలదు. "వస్తాడు", "వస్తాడా", "వస్తాడట", "వస్తాడో" వీటన్నిటికీ తేడా తోకలోనే. "ఆపడం"తో మొదలైంది "లేదు"తో ముగిసిందో "జరుగుతుంది"తో ముగిసిందో ఆ చివరి మాట వినిపిస్తేనే తెలుస్తుంది. ఇంగ్లీషులో వద్దు, కాదు అనే మాట క్రియకి ముందే వచ్చేస్తుంది, అప్పటికి మాట్లాడేవాడి ఊపిరి ఇంకా నిండుగా ఉంటుంది. మనకి మాత్రం అసలు విషయం ఉండే చోటా, ఊపిరి అయిపోయే చోటా ఒకటే.

మొదటాయన "లేదు"ని మింగేసి ఉంటారు. సభ విన్నది "సదుపాయాన్ని ఆపడం..." వరకే.

వేదిక_వెనక

నిదానం గారూ, మీరు చెప్పాక రికార్డింగు మళ్ళీ విన్నాను. నూటికి నూరుపాళ్ళు అదే. "ఆపడం" దాకా వినిపిస్తోంది, ఆ తర్వాత గరగరమని ఏదో శబ్దం, వెంటనే తర్వాతి వాక్యం. హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే తప్ప "లేదు" తెలియట్లేదు.

స్వరతంత్రి

ఆ గరగర గురించి నేను చెబుతాను. వాక్ చికిత్స నా వృత్తి.

గొంతులో రెండు స్వరతంత్రులు ఉంటాయి. కింది నుంచి వచ్చే గాలి ఒత్తిడికి అవి తెరుచుకుంటూ మూసుకుంటూ కంపిస్తాయి. మామూలుగా మాట్లాడేటప్పుడు పెద్ద మగవాళ్ళలో సెకనుకి ఇంచుమించు 120 సార్లు, ఆడవాళ్ళలో 200 సార్లు. వాక్యం సాగుతుంటే ఊపిరితిత్తుల్లో గాలి తగ్గుతుంది, తంత్రుల కింద ఒత్తిడి తగ్గుతుంది, స్వరం కొద్దికొద్దిగా దిగుతుంది. ఇది చాలా భాషల్లో ఉన్న సహజ లక్షణమే. వినేవాళ్ళ చెవి కూడా ఆ దిగుడుని బట్టే వాక్యం ముగింపుకొస్తోందని పసిగడుతుంది.

గాలి మరీ అడుగంటినప్పుడే ఇబ్బంది. తంత్రులు సమంగా కంపించడం మానేసి విడివిడిగా టకటకలాడతాయి. మీకు వినిపించిన గరగర అదే. దగ్గర కూర్చుని మాట్లాడుకుంటే అదేమంత అడ్డు కాదు. పెద్ద హాల్లో మాత్రం ఆ శబ్దానికి దూరం వెళ్ళే సత్తా ఉండదు.

దీనికి భయం తోడవుతుంది. వేదిక ఎక్కగానే అడ్రినలిన్ పెరుగుతుంది. గుండె వేగం పెరిగి, ఊపిరి ఛాతీ పైభాగానికే పరిమితమవుతుంది. మెడ కండరాలు బిగుసుకుని స్వరం పైకి పోతుంది. నోరు ఎండుతుంది. అంటే మామూలు రోజు కంటే తక్కువ గాలితో, మామూలు రోజు కంటే పొడుగు వాక్యాలు చదవాల్సి వస్తుంది. ఆయన గొంతులో లోపం ఉందని నేను అనుకోను.

"గట్టిగా ఊపిరి పీల్చుకో" అని అందరూ చెప్పే సలహా కంగారులో పనిచేయదు. అప్పటికే ఛాతీ పైకి బిగుసుకుని ఉంది, దాని మీద ఇంకా పీలిస్తే బిగువే పెరుగుతుంది. ముందు ఉన్న గాలిని నెమ్మదిగా, పూర్తిగా బయటికి వదలండి. వదిలాక తర్వాతి ఊపిరి దానంతట అదే లోతుగా, పొట్ట దాకా వస్తుంది. ఊపిరి వదిలేటప్పుడు గుండె వేగం కూడా కాస్త తగ్గుతుంది. మైకు ముందుకెళ్ళి నిలబడ్డాక మొదటి మాటకి ముందు ఇదొక్కటి చేస్తే చాలు.

నిదానం

వేదిక_వెనక గారూ, వీలైతే ఆ వాక్యం మొత్తం ఇక్కడ పెట్టగలరా? తప్పు గొంతుదా కాగితానిదా అన్నది చూడాలి.

వేదిక_వెనక

ఇదిగోండి:

"గత సంవత్సరం నుంచి అమలులో ఉండి, సభ్యుల అభ్యర్థనల మేరకు రెండుసార్లు పొడిగించబడి, ప్రస్తుత కార్యవర్గం సమీక్షించిన పిమ్మట కొన్ని మార్పులతో కొనసాగించదలచిన ఈ సదుపాయాన్ని, కొందరు సభ్యులు భావిస్తున్నట్లుగా, వచ్చే నెల నుంచి ఆపడం లేదు."

నిదానం

సగం తప్పు రాసినవాళ్ళది. "ఉండి", "పొడిగించబడి" లాంటి అసమాపక క్రియలు ఒకదాని తోక ఒకటి పట్టుకుని వెళ్తున్నాయి, ఊపిరి తీసుకునే చోటే లేదు. కంటితో చదివేవాడికి పర్వాలేదు, తప్పిపోతే వెనక్కి వెళ్ళి చూసుకుంటాడు. చెవితో వినేవాడు వెనక్కి వెళ్ళలేడు కదా. క్రియ వచ్చేదాకా ఈ ముక్కలన్నిటినీ మనసులో పట్టుకుని కూర్చోవాలి. పైగా "కొందరు సభ్యులు భావిస్తున్నట్లుగా" అన్నాక "ఆపడం" అని వినిపిస్తే, ఆపేస్తున్నారని నమ్మడంలో వాళ్ళ పొరపాటేమీ లేదు.

చదవడానికి ఇలా ఉండాలి:

ఈ సదుపాయం ఆగదు.
వచ్చే నెల తర్వాత కూడా కొనసాగుతుంది.
ఆపేస్తున్నామని కొందరు సభ్యులు అనుకుంటున్నారు.
అది నిజం కాదు.
ఇప్పటికే రెండుసార్లు పొడిగించాం.
ఇప్పుడు కొన్ని మార్పులు చేస్తున్నాం.

"ఆగదు"లో "దు" పోయినా "కొనసాగుతుంది" కాపాడుతుంది. ముఖ్యమైన కాదు, లేదు, వద్దు ఏవైనా ఉంటే అదే విషయాన్ని అవును వైపు నుంచి కూడా ఒకసారి చెప్పాలి. నోటితో చెప్పే ఏ ప్రకటనకైనా నేను దీన్ని తప్పనిసరి అంటాను.

వార్తలగొంతు

నిదానం గారు వరుసకో వాక్యం రాశారు చూడండి, మేం స్టూడియోలో చేసేది ఇదే. చాలా ఏళ్ళుగా వార్తలు చదువుతున్నాను. కాగితం చేతికి రాగానే పెన్సిల్‌తో గీతలు పెట్టుకుంటాం. ఊపిరి తీసుకునే చోట ఒక గీత, పూర్తిగా ఆగే చోట రెండు. నొక్కి చెప్పాల్సిన మాట కింద ఒక గీత, వాక్యానికి ఒక్కటే. అన్నీ నొక్కితే ఏదీ నొక్కనట్టే వినిపిస్తుంది. వాక్యం పేజీ చివర విరిగి తర్వాతి పేజీకి పోకూడదు. పేజీ తిప్పే ఆ క్షణంలోనే క్రియని మింగేస్తాం.

చర్చిల్ ఉపన్యాసాల టైపు ప్రతులు చూస్తే పద్యాల్లా ఉంటాయి. పేరాలు ఉండవు. ఒక్కో పదబంధం ఒక్కో వరుసలో, మెట్లు మెట్లుగా జరిగి ఉంటుంది. ఆయనకి "స" పలకడంలో ఇబ్బంది ఉండేది. ఎక్కడ ఆగాలి, ఎక్కడ లేవాలి అన్నది ముందే కాగితం మీదే తేల్చుకునేవాడు. అప్పటికప్పుడు పుట్టినట్టు వినిపించే ఆ విరామాలన్నీ రాసుకున్నవే.

మూడోవరుస

ఆ 7 శాతం లెక్క పక్కన పెడదాం. కానీ ఒకటి అడుగుతాను. గంభీరమైన గొంతున్నవాళ్ళ మాట జనం ఎక్కువ వింటారన్నది అబద్ధం కాదు కదా? వినేవాడిగా నేను ప్రతిసారీ చూస్తాను. ఇద్దరు ఒకే మాట చెప్పినా గంభీరమైన గొంతాయన చెప్పినప్పుడు తలలు ఊగుతాయి.

స్వరతంత్రి

అబద్ధం కాదు. 2012లో అమెరికాలో ఒక ప్రయోగం చేశారు. "ఈ నవంబరులో నాకు ఓటు వేయండి" అనే అర్థం వచ్చే ఒకే వాక్యాన్ని వేర్వేరు మనుషుల చేత చెప్పించి, ఆ రికార్డుల స్వరస్థాయిని యంత్రంతో పెంచీ తగ్గించీ వినిపించారు. ఆడవాళ్ళ గొంతైనా మగవాళ్ళ గొంతైనా, తగ్గించినదానికే ఎక్కువ మంది మొగ్గారు. బ్రిటన్ మాజీ ప్రధాని మార్గరెట్ థాచర్ శిక్షకుల సాయంతో తన స్వరస్థాయిని తగ్గించుకున్న విషయమూ తెలిసిందే.

అయితే ఆ ప్రయోగంలో వినేవాళ్ళకి గొంతు తప్ప ఇంకేమీ తెలియదు. మనిషి తెలియదు, విషయం తెలియదు. నిజమైన సభలో అలా ఉండదు.

నా దగ్గరికి వచ్చేవాళ్ళలో కొందరు గంభీరంగా వినిపించాలని స్వరాన్ని బలవంతంగా కిందికి నొక్కి మాట్లాడి, గొంతు పాడు చేసుకుని వస్తారు. ప్రతి గొంతుకీ హాయిగా కంపించే ఒక స్థాయి ఉంటుంది. దాని కంటే దించితే పైకీ కిందికీ ఆడే చోటు ఉండదు, ఏకస్వరం అయిపోతుంది, వాక్యం చివర ఆ గరగర ఇంకా ముందే మొదలవుతుంది. భయంతో పైకెక్కిన స్వరాన్ని మామూలు స్థాయికి దింపుకోండి, అంతకంటే కిందికి వెళ్ళకండి.

గాంధీ గొంతు విన్నారా? 1931లో లండన్‌లో రికార్డు చేసిన ప్రసంగం దొరుకుతుంది. నెమ్మది గొంతు, ఎత్తుపల్లాలు దాదాపు లేవు. జనం మాత్రం చెవులు రిక్కించి విన్నారు.

మూడోవరుస

గాంధీని వినడానికి జనం ముందే సిద్ధపడి వచ్చారండీ. మనలాంటివాళ్ళకి ఆ వెసులుబాటు లేదు.

స్వరతంత్రి

ఒప్పుకుంటాను. మిగిలినవాళ్ళం మొదటి నిమిషంలో చెవులని సంపాదించుకోవాల్సిందే.

కన్సోల్‌దగ్గర

సౌండ్ చూసుకునేవాణ్ణి. నా బాధ కూడా వినండి.

"వినపడట్లేదు" అని వెనక నుంచి కేక రాగానే వక్త అరవడం మొదలుపెడతాడు. అరిస్తే పెరిగేది అచ్చులు. మాటలో బలమంతా అచ్చుల్లో ఉంటుంది, కానీ ఏ మాటో తేల్చేది హల్లులు. క, ట, త, ప, స, శ లాంటివాటిని పోల్చుకోవడానికి పనికొచ్చే శబ్దం చాలావరకు 2000 హెర్ట్జ్ పైన ఉంటుంది, చాలా బలహీనంగా ఉంటుంది. అరుపుతో అది ఆ మేరకు పెరగదు. వయసు మీదపడినవాళ్ళకి ముందు తగ్గే వినికిడి కూడా ఆ పై స్థాయిలదే. "వినపడుతోంది కానీ అర్థం కావట్లేదు" అని పెద్దవాళ్ళు అంటే అక్షరాలా నిజం చెబుతున్నట్టు. వాళ్ళకి కావాల్సింది పెదవులూ నాలుకా శ్రద్ధగా కదిపే మాట.

రెండోది హాలు. 1895లో హార్వర్డ్‌లో కొత్తగా కట్టిన ఒక ఉపన్యాస మందిరంలో ఏం చెప్పినా అర్థం కావట్లేదని, కారణం కనుక్కోమని వాలెస్ సబైన్ అనే యువ భౌతికశాస్త్ర అధ్యాపకుడికి అప్పజెప్పారు. అక్కడ ఒక శబ్దం పూర్తిగా చచ్చిపోవడానికి అయిదున్నర సెకన్లు పట్టేదట. ఆ వ్యవధిలో వక్త ఇంకో పాతిక అక్షరాలు పలికేస్తాడు, అన్నీ ఒకదాని మీద ఒకటి పడతాయి. సబైన్ మెత్తలు తెచ్చి పరిచి, ఏది ఎంత శబ్దాన్ని పీల్చుకుంటుందో కొలిచి, మందిరాల శబ్దశాస్త్రానికి పునాది వేశాడు. మనుషుల ఒళ్ళూ బట్టలూ కూడా శబ్దాన్ని పీల్చుకుంటాయి. అందుకే ఖాళీ హాల్లో రిహార్సల్ చేసి "ప్రతిధ్వని ఎక్కువగా ఉంది" అన్నా, జనం నిండాక అంత ఉండదు. అయినా గోడలు మోగే హాలైతే వేగం తగ్గించడం తప్ప దారి లేదు. నేను బోర్డు మీద ఏ బటన్ తిప్పినా దానికి విరుగుడు లేదు.

మూడోది మైకు. వేదికల మీద వాడేవి చాలావరకు ఎదురుగా వచ్చే శబ్దాన్నే పట్టేవి. నోటికి బాగా దగ్గర పెడితే మంద్రం ఉబ్బి గొంతు బరువెక్కుతుంది, మాట మసకబారుతుంది. దూరం పెడితే పలచబడుతుంది. పిడికిలంత దూరంలో, కాస్త పక్కగా, గడ్డం వైపు నుంచి పట్టుకోండి. ప, బ, ఫ, భ పలికినప్పుడు వచ్చే గాలి దెబ్బ మైకు మీద పడదు. మైకు జాలీని గుప్పిట్లో మూయకండి, స్పీకర్ల కీచుమనే కూత అక్కడి నుంచే మొదలవుతుంది. తెర మీద స్లైడు చూపిస్తూ తల అటు తిప్పి మాట్లాడేవాళ్ళకి నాదో మనవి: వాక్యం పూర్తి చేసి అప్పుడు తిరగండి. వాక్యం మధ్యలో తిరిగితే పోయేది క్రియే.

వేదిక_వెనక

మా ఆయన సరిగ్గా "ఆపడం" దగ్గర తల దించి పేజీ తిప్పారు. వీడియోలో కనిపిస్తోంది. గాలి అయిపోవడం, వాక్యం పొడుగు, పేజీ, మైకు అన్నీ ఒకే చోట కలిశాయన్నమాట.

పద్యపాఠి

మనవాళ్ళు ఈ విషయాన్ని ఎప్పుడో గమనించారు. ఉచ్చారణ గురించి చెప్పే పాత సంస్కృత గ్రంథం పాణినీయ శిక్షలో అధమ పాఠకులు ఆరు రకాలని చెప్పారు. రాగం తీసేవాడు, గబగబా చదివేవాడు, తల ఊపేవాడు, రాసినదాన్ని చూసి చదివేవాడు, అర్థం తెలియకుండా చదివేవాడు, గొంతు పీలగా ఉన్నవాడు. మంచి పాఠకుడికి కావాల్సినవి మాధుర్యం, అక్షరం స్పష్టంగా ఉండటం, పదాలు సరిగ్గా విడవడం, మంచి స్వరం, ధైర్యం, లయ. ఇందులో "గట్టిగా" అన్నది విడిగా ఎక్కడా లేదు, గమనించండి. అక్కడే ఇంకో మాట ఉంది: ఆడపులి తన పిల్లలని కోరలతో పట్టుకున్నట్టు అక్షరాలని పలకాలట. జారిపోనూ కూడదు, పన్ను దిగనూ కూడదు.

పన్ను దిగడం గురించి ఒక మాట. నొక్కి చెప్పాలని కొందరు అచ్చులని సాగదీస్తారు. తెలుగులో అచ్చు పొడవుకి అర్థం ఉంది. "పడు" వేరు, "పాడు" వేరు. "కలం" వేరు, "కాలం" వేరు. ద్విత్వమూ అంతే, "గడి"కీ "గడ్డి"కీ పొంతన లేదు. ఇష్టం వచ్చినచోట సాగదీసి, ఒత్తిపెట్టి చెబితే విన్నవాడు ఒక క్షణం తడుముకుంటాడు. మనకి నొక్కడానికి వేరే మార్గం ఉంది. "నేనే చెప్పాను", "నిన్ననే చెప్పాను", "చెప్పనే చెప్పాను" అని ఒక్క ఏకారంతో సరిపోతుంది. గొంతు ఆ ఏకారం మీద కాస్త లేస్తే చాలు. స్వరమూ వ్యాకరణమూ కలిసి పనిచేస్తాయి.

ఆగిఆగి

చాలా రోజులుగా ఈ వేదికలో చదవడమే తప్ప ఎప్పుడూ రాయలేదు. నాకు నత్తి ఉంది. ఉద్యోగంలో ఇప్పుడు నెలకోసారి పదిహేను ఇరవై మంది ముందు మాట్లాడాల్సి వస్తోంది. పైన రాసినవన్నీ చదువుతుంటే, స్పష్టంగా ధారగా మాట్లాడగలిగేవాళ్ళ కోసమే ఈ సలహాలన్నీ అనిపిస్తోంది. నాలాంటివాళ్ళ గొంతు సభ మీద ఎలాంటి ప్రభావం చూపిస్తుంది? నిజం చెప్పండి, ఊరడించకండి.

స్వరతంత్రి

ఊరడించను. మొదటి కొన్ని సెకన్లు వినేవాళ్ళు ఇబ్బంది పడతారు. ఏం జరుగుతోందో, ఎటు చూడాలో వాళ్ళకి తెలియదు. ఆ అయోమయాన్ని మీరే తీసేయొచ్చు. మొదట్లోనే మామూలు గొంతుతో "నాకు నత్తి ఉంది, అక్కడక్కడ ఆగుతాను, మీరు విషయం వినండి" అని చెప్పేయండి. క్షమాపణ అడగకండి. ఇలా ముందే చెప్పినవాళ్ళని వినేవాళ్ళు ఎక్కువ సానుకూలంగా తీసుకుంటారని పరిశోధనలు కూడా చెబుతున్నాయి. దాచాలన్న ప్రయత్నం ఆగిపోవడంతో మీ మీద బరువూ తగ్గుతుంది.

మాట మొదలుపెట్టేటప్పుడు గొంతు బిగించి తోయకుండా, కాస్త గాలి వదులుతూ మెత్తగా మొదలుపెట్టడం సాధన చేయొచ్చు. ఇది దగ్గర్లోని వాక్ చికిత్సకుల దగ్గర నేర్చుకుంటే మంచిది, రాతలో చెప్పడం కష్టం. ఇంకొకటి, పట్టేసే మాటని తప్పించడానికి వేరే మాట వెతుక్కోకండి. దాని వల్ల వాక్యం వంకర్లు పోతుంది. ఆగి, ఆ మాటే చెప్పండి.

వార్తలగొంతు

ఆగిఆగి గారూ, బ్రిటన్ రాజు ఆరవ జార్జ్ 1939 సెప్టెంబర్ 3న యుద్ధం గురించి ప్రజలతో మాట్లాడిన రికార్డు వినండి. నత్తితో ఏళ్ళ తరబడి పోరాడిన మనిషి. లయొనెల్ లోగ్ అనే వాక్ శిక్షకుడి దగ్గర సాధన చేశారు. ఆ ప్రసంగంలో విరామాలు పొడుగ్గా ఉంటాయి, కొన్ని మాటలకి ముందు ఆయన తడబాటుని దాటుతున్నట్టు తెలుస్తూనే ఉంటుంది. వాక్యాల చివర్లు మాత్రం నిలకడగా ఉంటాయి. ఆ రోజు చెప్పాల్సిన విషయానికి ఆ నిదానం అతికినట్టు సరిపోయింది. వృత్తిగా గొంతు వాడేవాడిగా చెబుతున్నాను, ధార లేకపోవడం వేరు, స్పష్టత లేకపోవడం వేరు. ధారగా మాట్లాడుతూ ఏమీ అర్థం కానివ్వనివాళ్ళని ఎంతోమందిని విన్నాను.

ఆగిఆగి

ధన్యవాదాలండీ ఇద్దరికీ. ముందే చెప్పేయడం అన్నది నేను ఎప్పుడూ ఆలోచించలేదు. ఈసారి చేస్తాను.

మూడోవరుస

విరామాల మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నాను. ఈమధ్య ప్రతి వక్తా మూడు మాటలకోసారి ఆగి, సభని కలియజూసి, మళ్ళీ మొదలుపెడుతున్నారు. వినేవాడికి విసుగొస్తోంది. ఇది మీరు చెప్పే విరామమేనా?

నిదానం

కాదు. ఆలోచన మలుపు తిరిగే చోట వచ్చేదే విరామం. ఎక్కడపడితే అక్కడ ఆగితే అది అడ్డంకి. "పాత సభ్యులూ కార్యకర్తలూ రావాలి" అన్నప్పుడు "పాత" తర్వాత చిన్నగా ఆగితే ఇద్దరూ పాతవాళ్ళే అవుతారు, "సభ్యులూ" తర్వాత ఆగితే కార్యకర్తలు అందరూ అవుతారు. విరామం అర్థాన్ని మార్చేంత బలమైనది, దాన్ని ఊరికే వాడకూడదు.

నాకు తెలిసి విరామానికి సరైన చోట్లు రెండు. కొత్త విషయం ఎత్తుకునే ముందు ఒకటి. కష్టమైనదో బరువైనదో చెప్పిన తర్వాత ఇంకొకటి, అది వాళ్ళలో దిగడానికి. ఈ రెండోదాన్నే చాలామంది భరించలేరు. వేదిక మీద ఒక సెకను నిశ్శబ్దం మాట్లాడేవాడికి చాలా పొడుగ్గా అనిపిస్తుంది, అందుకే "అంటే", "మరి", "అదేంటంటే", "సో" అని ఏదో ఒకటి పెట్టి నింపేస్తారు. వినేవాళ్ళకి ఆ సెకను చాలదు కూడా.

1963 ఆగస్టు 28న మార్టిన్ లూథర్ కింగ్ వాషింగ్టన్‌లో చేసిన ప్రసంగం రికార్డు ఈ దృష్టితో వినండి. మొదలు ఎంత నిదానంగా ఉంటుందో, చివరికి వేగమూ స్థాయీ ఎలా పెరుగుతాయో. కల గురించిన భాగం ఆయన చేతిలోని కాగితంలో లేదు. దగ్గర్లో ఉన్న గాయని మహాలియా జాక్సన్ "వాళ్ళకి ఆ కల గురించి చెప్పు" అని కేకేశారని అక్కడున్నవాళ్ళు చెప్పారు. కాగితం వదిలేసిన ఆ చోటు నుంచి గొంతు మారడం చెవికి తెలిసిపోతుంది. అదే ముక్కని మొదటి నిమిషంలో అంతే ఉద్ధృతితో చెప్పి ఉంటే సభ ఆయనతో పాటు ఎక్కేది కాదు.

కన్సోల్‌దగ్గర

నిమిషానికి 150 మాటలు సరైన వేగం అని చెబుతారు, తెలుగుకి అది వర్తిస్తుందా?

నిదానం

వర్తించదు. అది ఇంగ్లీషు లెక్క. మనం "వెళ్ళిపోవాల్సివచ్చినప్పటికీ" అని ఒక్క మాటలో చెప్పేదానికి వాళ్ళకి నాలుగైదు మాటలు కావాలి. 2019లో 17 భాషలని పోల్చిన ఒక అధ్యయనం వచ్చింది. అక్షరాలు పలికే వేగంలో భాషల మధ్య చాలా తేడా ఉన్నా, సెకనుకి చేరే సమాచారం మాత్రం ఇంచుమించు 39 బిట్లే (బిట్ అంటే సమాచారాన్ని కొలిచే ప్రమాణం) అని తేల్చారు. ఆ 17లో తెలుగు లేదు. నేను మాటలు లెక్కపెట్టను. కొత్త విషయమా, తెలిసిన విషయమా అని చూస్తాను. తెలిసినదాన్ని చకచకా దాటించొచ్చు. అంకెలు, పేర్లు, తేదీలు, షరతులు వచ్చినప్పుడు సగానికి తగ్గాలి.

స్వరతంత్రి

ఆన్‌లైన్ సమావేశాల గురించి కూడా చెప్పాలి. ఆ యాప్‌లలో నేపథ్య శబ్దాన్ని తొలగించే ఏర్పాటు ఉంటుంది. నిలకడగా ఉండే గొంతుని మాటగా గుర్తిస్తుంది, బలహీనపడి గరగరగా మారిన వాక్యం చివరని ఒక్కోసారి చప్పుడుగా తీసుకుని కోసేస్తుంది. హాల్లో ముందు వరుసలకైనా వినపడే "లేదు" అక్కడ ఎవరికీ వినపడదు.

గొంతు సంరక్షణ గురించి రెండు ముక్కలు. నీళ్ళు తాగితే అవి తంత్రుల మీదుగా వెళ్ళవు, ఒంట్లో తడి పెరిగి నెమ్మదిగా అక్కడికి చేరుతుంది. కాబట్టి మైకు ముందు గుటక వేస్తే నోరు తడుస్తుంది కానీ గొంతుకి మేలు కావాలంటే పొద్దున్నుంచీ తాగాలి. మాటిమాటికీ గొంతు సవరించుకోకండి, తంత్రులు ఒకదానికొకటి గట్టిగా కొట్టుకుంటాయి. గుటక మింగడం మేలు. సన్నటి స్ట్రా నోట్లో పెట్టుకుని "ఊ" అని మెల్లగా పలుకుతూ స్వరాన్ని పైకీ కిందికీ నడిపించడం మంచి సన్నాహం. గొంతు బొంగురుపోయి మూడు నాలుగు వారాలైనా తగ్గకపోతే చెవి ముక్కు గొంతు వైద్యుడికి చూపించుకోవాలి.

వేదిక_వెనక

వచ్చే సమావేశానికి మళ్ళీ ఆయన చేతే చదివించాలనుకుంటున్నాను. ఆయనకీ ఇష్టమే. కాగితం నిదానం గారు చెప్పినట్టు తిరగరాస్తాను. సాధన ఎలా చేయించాలి? ఫోన్‌లో రికార్డు చేసి వినమంటే "నా గొంతు నాకే నచ్చట్లేదు" అని ఆపేస్తున్నారు.

స్వరతంత్రి

అది అందరికీ ఉండేదే. మన గొంతు మనకి గాలి ద్వారానే కాక పుర్రె ఎముకల ద్వారా కూడా వినపడుతుంది, ఎముకలు మంద్రాన్ని ఎక్కువ మోస్తాయి. రికార్డులో ఆ భాగం ఉండదు కాబట్టి గొంతు పీలగా, పరాయిగా తోస్తుంది. మిగిలినవాళ్ళు ఎప్పుడూ వింటున్నది ఆ రికార్డులో ఉన్నదాన్నే, వాళ్ళకి అందులో వింతేమీ లేదని చెప్పండి.

వార్తలగొంతు

గొంతు ఎలా ఉందో వినమనకండి. ప్రతి వాక్యంలో ఆఖరి మూడు అక్షరాలు మాత్రమే వినమనండి. ఉన్నాయా, లేవా. ఆ ఒక్క పని అప్పజెబితే నచ్చడం నచ్చకపోవడం పక్కకి పోతుంది.

నిదానం

నా పద్ధతి కూడా అలాంటిదే, కాకపోతే రెండో మనిషి కావాలి. హాల్లో ఆఖరి వరుసలో, మైకు లేకుండా వినగలిగేంత దూరంలో ఒకరిని కూర్చోబెట్టండి. వాళ్ళు ఆ కాగితం ముందు చూసి ఉండకూడదు. ఆయన చదువుతుంటే, వినిపించిన క్రియలు మాత్రమే వరుసగా రాయమనండి. ఆగదు, కొనసాగుతుంది, అనుకుంటున్నారు, కాదు, పొడిగించాం, చేస్తున్నాం. తర్వాత రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూసుకోండి. ఏ వాక్యం దగ్గర ఖాళీ ఉంటే ఆ వాక్యానికి ముందు ఒక ఊపిరి పెంచి, లేదా వాక్యాన్నే రెండు చేసి, మళ్ళీ చదివించండి.

వేదిక_వెనక

క్రియలు ఒక్కటే రాస్తే చాలా? పేర్లూ తేదీలూ కూడా రాయమననా?

నిదానం

మొదటిసారి క్రియలే. అవి అన్నీ వచ్చాక రెండోసారి అంకెలూ తేదీలూ రాయమనండి. రెండూ ఒకేసారి అడిగితే రాసేవాళ్ళ చెయ్యి ఆగదు, ఆయనేమో వాళ్ళ కోసమని వేగం తగ్గించేస్తారు, అసలు చదివే తీరు బయటపడదు.